ఆటిజం, కీళ్ల నొప్పులు, సప్లిమెంట్లు: ఏ సీసా ఏ సమస్యకు?

2025 సెప్టెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ లూకోవోరిన్ అనే పాత మందు (ఫోలేట్‌కు ఒక రూపం) గురించి ఒక ప్రకటన చేసింది. మెదడుకు ఫోలేట్, అంటే విటమిన్ బీ9, సరిగా అందని ఒక అరుదైన పరిస్థితికి ఆ మందును ఆమోదించే పని మొదలుపెట్టామని దాని సారాంశం. ఆ పరిస్థితి ఉన్న పిల్లల్లో ఆటిజం లక్షణాలు కూడా కనబడతాయి కాబట్టి, ఆటిజం ఉన్నవాళ్ల ఇళ్లలో ఫోలేట్ గురించి ఒక్కసారిగా చర్చ మొదలైంది. అంతకు రెండేళ్ల ముందు, 2023లో, టులేన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కీళ్లు మరీ వదులుగా ఉండటానికీ, శరీరం ఫోలేట్‌ను వాడుకునే తీరుకూ సంబంధం ఉండొచ్చని ఒక వాదన ముందుకు తెచ్చారు. ఈ రెండు వార్తలూ వేర్వేరు. చెప్పుకోవడంలో మాత్రం కలిసిపోయి, "ఆటిజం ఉన్నవాళ్ల కీళ్లకు ఫోలేట్ మంచిదట" అనే మూడో మాట పుట్టింది. కొల్లాజెన్ పొడి, గ్లూకోసమైన్, మెగ్నీషియం, చేప నూనె కీళ్లకు మంచివని చెప్పుకునే సప్లిమెంట్ల జాబితాలో ముందునుంచే ఉన్నాయి.

వీటిలో ఏది పనిచేస్తుంది అనే ప్రశ్నకు నేరుగా జవాబు చెప్పడం కష్టం. ఎందుకంటే "కీళ్ల నొప్పి" అని మనం ఒకే పేరు పెట్టినదాని వెనక కనీసం మూడు వేర్వేరు సమస్యలు ఉండొచ్చు. సీసా మీద రాసిన హామీ సాధారణంగా వాటిలో ఒక్కదాని గురించే. చాలాసార్లు అది మన సమస్య కాదు.

ఆటిజానికీ కీళ్లకూ ఏమిటి సంబంధం?

ఆటిజం మెదడు ఎదుగుదలకు సంబంధించినది. అది నేరుగా కీళ్లను అరగదీయదు. కానీ ఆటిజం ఉన్నవాళ్లలో హైపర్‌మొబిలిటీ, అంటే కీళ్లు మామూలు కంటే ఎక్కువ వంగడం, ఎక్కువగా కనబడుతోంది. బ్రిటన్ పరిశోధకులు 2022లో ప్రచురించిన ఒక అధ్యయనంలో ఆటిజం, ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరకపోవడం, అతి చురుకుదనం), టూరెట్ సిండ్రోమ్ (తెలియకుండానే కదలికలు, శబ్దాలు రావడం)లలో ఏదో ఒకటి ఉన్న పెద్దవాళ్లను పరిశీలిస్తే, 51 శాతం మందిలో ఈ వదులుతనం కనబడింది. సాధారణ జనాభాలో అది 20 శాతం దగ్గర ఉంటుంది. స్వీడన్‌లో జాతీయ రికార్డులను జల్లెడపట్టి 2016లో వేసిన లెక్క దీన్ని అవతలి వైపు నుంచి చూసింది: ఎహ్లర్స్-డాన్లోస్ సిండ్రోమ్ అనే, కీళ్లు వదులుగా ఉండే వంశపారంపర్య సమస్య ఉన్నవాళ్లకు ఆటిజం కూడా ఉండే అవకాశం ఇతరుల కంటే సుమారు 7 రెట్లు ఎక్కువ. ఇవి సంబంధం ఉందని చెప్పే లెక్కలు. ఒకటి ఇంకోదానికి కారణమని వీటి అర్థం కాదు.

వదులుతనాన్ని కొలవడానికి డాక్టర్లు వాడేది బైటన్ స్కోరు. చిటికెన వేలు వెనక్కి 90 డిగ్రీలు దాటి వంగుతుందా, బొటనవేలు ముంజేతిని తాకుతుందా, మోచేతులు, మోకాళ్లు వెనక్కి 10 డిగ్రీలకు మించి వంగుతాయా అని చూస్తారు. రెండు వైపులా చూస్తే 8 మార్కులు. మోకాళ్లు వంచకుండా ముందుకు వంగి అరచేతులు పూర్తిగా నేలకు ఆనిస్తే ఇంకో మార్కు. మొత్తం 9. 2017 ప్రమాణాల ప్రకారం ఈడు రాని పిల్లలకు 6, ఈడు వచ్చినప్పటి నుంచి 50 ఏళ్ల వరకు 5, ఆపైన 4 వస్తే హైపర్‌మొబిలిటీ ఉన్నట్టు. స్కోరు ఎక్కువ వచ్చినంత మాత్రాన జబ్బని కాదు. హాయిగా స్ప్లిట్స్ చేస్తూ ఏ నొప్పీ లేకుండా బతికేవాళ్లు ఎందరో ఉన్నారు.

నొప్పి ఎక్కడ మొదలవుతుందంటే, లిగమెంట్లు (ఎముకలను కలిపి ఉంచే పట్టీలు) కీలును గట్టిగా పట్టి ఉంచలేనప్పుడు ఆ పని కండరాల మీద పడుతుంది. అవి రోజంతా బిగుసుకుని ఉంటాయి. పైగా, కళ్లు మూసుకున్నా మన చెయ్యి ఎక్కడుందో తెలిపే లోపలి స్పృహ, ప్రొప్రియోసెప్షన్, ఆటిజంలోనూ హైపర్‌మొబిలిటీలోనూ తేడాగా ఉండొచ్చు. అందుకే పెన్ను మరీ గట్టిగా పట్టుకోవడం, మోకాళ్లు వెనక్కి లాక్ చేసి నిలబడటం, కాళ్లు అటూ ఇటూ మడిచి డబ్ల్యూ ఆకారంలో కూర్చోవడం లాంటివి కనిపిస్తాయి. సాయంత్రానికి వేళ్లు, మడమలు, మోకాళ్లు లాగేస్తాయి. ఆ కీలులో మృదులాస్థి, అంటే ఎముకల చివర ఉండే నున్నని పొర, శుభ్రంగానే ఉండొచ్చు.

వదులు, లోపం, అరుగుదల

మొదటి రకం పైన చెప్పిన వదులుతనం. రెండోది పోషక లోపం. బయటికి కీలు నొప్పిలా కనబడినా అసలు దెబ్బ ఎముకకో, ఎముకను కప్పి ఉంచే పొరకో తగిలి ఉంటుంది. మూడోది అసలైన ఆర్థరైటిస్. అందులోనూ వయసుతో వచ్చే అరుగుదల వేరు, రోగనిరోధక వ్యవస్థ సొంత కీళ్ల మీదే దాడి చేసే వాపు జబ్బు వేరు. పొద్దున లేవగానే కీలు బిగుసుకుపోవడం, ఉబ్బడం, వేడిగా ఉండటం ఈ చివరి రకానికి గుర్తులు. దాన్ని సప్లిమెంట్లతో నెట్టుకొస్తే కీలు శాశ్వతంగా పాడయ్యే ప్రమాదం ఉంది.

ఆటిజంలో ఈ తేడా పట్టుకోవడం కష్టం. "ఎక్కడ నొప్పి, పదిలో ఎంత?" అని అడిగితే కొందరు చెప్పలేరు. మాటలు రాక కొందరు, శరీరం పంపే సంకేతాన్ని నొప్పిగా గుర్తుపట్టలేక కొందరు. నొప్పి మొహంలో కనిపించకుండా ప్రవర్తనలో బయటపడుతుంది: మెట్లు ఎక్కనని మొండికేయడం, నిద్ర చెడటం, ఇష్టమైన ఆట మానేయడం, చేతిని కొరుక్కోవడం. చుట్టూ ఉన్నవాళ్లు దాన్ని ఆటిజం ఖాతాలో వేసేస్తారు.

లోపం ఉన్నచోట: విటమిన్ సి, విటమిన్ డి

సప్లిమెంటు నిస్సందేహంగా పనిచేసే చోటు ఇదే కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం.

ఆటిజం ఉన్న పిల్లల్లో తిండి సమస్యలు ఇతర పిల్లల కంటే ఐదు రెట్లు ఎక్కువని, వాళ్లకు ప్రొటీన్, కాల్షియం తక్కువగా అందుతున్నాయని 2013లో అనేక అధ్యయనాలను కలిపి చేసిన విశ్లేషణ తేల్చింది. రంగు, వాసన, నోట్లో తగిలే తీరు నచ్చక నాలుగైదు పదార్థాల మీదే ఏళ్లు గడిపే పిల్లలున్నారు. ఆ నాలుగైదింటిలో ఒక్క పండూ, కూరగాయా లేకపోతే ఏమవుతుంది?

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. ఆరేళ్ల బాబు. బరువు బాగానే ఉన్నాడు, ఎత్తు బాగానే ఉంది. మూడు వారాలుగా కుంటుతున్నాడు. తర్వాత నిలబడటమే మానేశాడు. మోకాళ్లు మడిచి పడుకుంటాడు, కాలు తాకితే ఏడుస్తాడు. ఎక్స్‌రేలో ఎముక విరిగినట్టు లేదు. ఎంఆర్ఐలో ఎముక మజ్జలో మార్పులు కనిపిస్తే ముందు లుకేమియా (రక్త క్యాన్సర్) అనుమానం వస్తుంది. అంతా అయ్యాక ఎవరో చిగుళ్లు చూస్తారు: వాచి, ఊదా రంగులో ఉంటాయి. కాళ్ల మీద వెంట్రుకల మొదళ్లలో చిన్న చిన్న రక్తపు చుక్కలు. స్కర్వీ, అంటే విటమిన్ సి లోపంతో వచ్చే జబ్బు. బాబు ఊహే కానీ కథ ఊహ కాదు. ఆటిజం ఉన్న పిల్లల్లో సరిగ్గా ఇలాంటి కేసులు వైద్య పత్రికల్లో పదేపదే వచ్చాయి. కొందరికి మజ్జ పరీక్ష కూడా చేశాకే అసలు సంగతి తెలిసింది.

దీని వెనక రసాయన శాస్త్రం తేలికే. కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగులు మూడేసి పేనుకుంటేనే గట్టిపడతాయి. ఆ పేనికను నిలబెట్టే ఎంజైములకు విటమిన్ సి కావాలి. అది లేకపోతే రక్తనాళాల గోడలు బలహీనపడి చిగుళ్లలో, చర్మం కింద, ఎముక పై పొర కింద, కీళ్లలో రక్తం చిమ్ముతుంది. బాబుకు కాలు ఆ నొప్పితో కదలదు. రోజుకు 10 మిల్లీగ్రాముల విటమిన్ సి ఉన్నా స్కర్వీ రాదు. వచ్చినవాళ్లకు ఇస్తే నొప్పి రోజుల్లోనే తగ్గడం మొదలవుతుంది. కానీ ఇప్పటికే సరిపడా అందుతున్న మనిషికి అదే విటమిన్‌ను వెయ్యి మిల్లీగ్రాములు ఇచ్చినా కొల్లాజెన్ ఇంకా గట్టిపడదు. మిగులు మూత్రంలో పోతుంది.

విటమిన్ డి సంగతీ ఇంచుమించు ఇంతే. తీవ్రంగా తగ్గితే పిల్లల్లో రికెట్స్, పెద్దల్లో ఎముకలు మెత్తబడే ఆస్టియోమలేషియా వచ్చి తుంటి, కాళ్లు, నడుము నొప్పులు పుడతాయి. ఆటిజం ఉన్న బాలురలో ఎముక సాంద్రత తక్కువగా ఉందని చూపిన అధ్యయనాలు ఉన్నాయి. ఆరుబయట ఆటలు తక్కువ కావడం, పరిమితమైన తిండి ఒక కారణం. మందులు ఇంకో కారణం కావచ్చు: చిరాకు, దూకుడు తగ్గించడానికి వాడే రిస్పెరిడోన్ ప్రొలాక్టిన్ హార్మోన్‌ను పెంచుతుంది, అది ఎక్కువైతే ఎముకలు బలహీనపడొచ్చు; మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్ ఎముకల మీద ప్రభావం చూపగలదు. రక్త పరీక్షలో లోపం తేలితే విటమిన్ డి మందే. లోపంతో పని లేకుండా అందరికీ ఇస్తే? అమెరికాలో వైటల్ అనే పెద్ద ట్రయల్‌లో దీర్ఘకాలిక మోకాలి నొప్పి ఉన్న సుమారు 1,400 మందిని ఐదేళ్లకు పైగా గమనించారు. రోజుకు 2,000 ఐయూ (అంతర్జాతీయ యూనిట్లు) విటమిన్ డి గానీ, చేప నూనెలో ఉండే ఒమేగా-3 1 గ్రాము గానీ నొప్పిని ప్లసీబో (మందు లేని ఉత్తుత్తి మాత్ర) కంటే ఎక్కువ తగ్గించలేదు.

గ్లూకోసమైన్‌ను ఎవరి మోకాళ్లలో పరీక్షించారు?

"కీళ్ల ఆరోగ్యం" అని రాసిన సీసాల్లో ఎక్కువగా ఉండేవి గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్. రెండూ మృదులాస్థిలో సహజంగా ఉండేవే. వీటి మీద పేరున్న ట్రయల్ గెయిట్. 2006లో ఫలితాలు వచ్చాయి. 1,583 మంది, అందరికీ మోకాలి అరుగుదల, సగటు వయసు 59. మొత్తం మీద ఈ రెండూ, విడిగా గానీ కలిపి గానీ, ప్లసీబోను దాటలేదు. తీవ్రమైన నొప్పి ఉన్న ఒక చిన్న గుంపులో మాత్రం కలిపి ఇచ్చినప్పుడు 79 శాతం మందికి, ప్లసీబోతో 54 శాతం మందికి ఉపశమనం కలిగింది. అమ్మేవాళ్లు చూపించేది ఈ రెండో వాక్యమే. అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ మాత్రం 2019 మార్గదర్శకాల్లో మోకాలి అరుగుదలకు గ్లూకోసమైన్ వాడొద్దని గట్టిగానే చెప్పింది.

ఫలితం అటైనా ఇటైనా, అది అరిగిన మోకాలి గురించిన మాట. పద్నాలుగేళ్ల అమ్మాయి వేళ్లు వెనక్కి వంగి నొప్పెడుతుంటే అక్కడ అరిగిన మృదులాస్థి లేదు. లేని అరుగుదలను మాత్ర ఎలా బాగుచేస్తుంది?

కొల్లాజెన్ తాగితే కొల్లాజెన్ పెరుగుతుందా?

వదులైన కీళ్లున్నవాళ్లను బాగా ఆకర్షించే ఆలోచన ఇది. లిగమెంట్లు కొల్లాజెన్‌తో తయారవుతాయి, కాబట్టి కొల్లాజెన్ తాగుదాం. కానీ తాగిన కొల్లాజెన్ పేగుల్లో అమైనో ఆమ్లాలుగా, చిన్న ముక్కలుగా విడిపోతుంది. పాత ఇల్లు కూల్చిన ఇటుకల్లాంటివి అవి. ఏ గోడకు వాడాలో శరీరం చూసుకుంటుంది, మనం చెప్పిన మోకాలికే వెళ్లవు.

అలాగని పూర్తిగా కొట్టిపారేయడానికీ లేదు. కొన్ని ముక్కలు చెక్కుచెదరకుండా రక్తంలోకి చేరతాయని తేలింది. 2017లో ఒక చిన్న ప్రయోగంలో 15 గ్రాముల జెలటిన్‌ను విటమిన్ సితో కలిపి, గంట తర్వాత తాడు దూకిస్తే (స్కిప్పింగ్), రక్తంలో కొల్లాజెన్ తయారీని సూచించే గుర్తు పెరిగింది. పాల్గొన్నది 8 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్లు. ఆ ప్రయోగం కొలిచింది రక్తంలోని సూచికను, నొప్పిని కాదు. పైగా అందులో వ్యాయామం కూడా భాగమే. ప్రకటనల్లో తాడు మాయమై పొడి మాత్రమే మిగిలింది.

ఇంకో లోతైన చిక్కు ఉంది. ఎహ్లర్స్-డాన్లోస్ సిండ్రోమ్‌లోని చాలా రకాల్లో కొల్లాజెన్‌కో, దాన్ని తయారుచేసే ఎంజైములకో సంబంధించిన జన్యువులో మార్పు ఉంటుంది. అంటే లోటు ముడిసరుకులో లేదు, తయారీ సూచనల్లోనే ఉంది. ముడిసరుకు ఎంత పోసినా సూచనలు మారవు. అందరికంటే ఎక్కువమందిలో కనిపించే హైపర్‌మొబైల్ రకానికి ఏ జన్యువు కారణమో ఇంకా తేలలేదు.

ఫోలేట్ వాదన ఎంతవరకు?

టులేన్ పరిశోధకుల వాదన ఇది: ఎంటీహెచ్ఎఫ్ఆర్ అనే జన్యువులో కొన్ని మార్పులున్నవాళ్లలో ఫోలేట్ వాడకానికి పనికొచ్చే రూపంలోకి సరిగా మారదు, దాంతో కణజాలాన్ని పట్టి ఉంచే అమరిక దెబ్బతిని కీళ్లు వదులవుతాయి, మిథైల్‌ఫోలేట్ ఇస్తే మేలు కావచ్చు. చదవడానికి పొందికగా ఉంది. అయితే వాళ్లే దాన్ని ప్రతిపాదనగా రాశారు. ఇందులో గుర్తుంచుకోవాల్సింది, ఆ జన్యు మార్పులు చాలా సాధారణం. ఏ ఇబ్బందీ లేని కోట్లమందిలోనూ ఉంటాయి. రిపోర్టులో అవి కనబడినంత మాత్రాన నొప్పికి కారణం దొరికినట్టు కాదు.

లూకోవోరిన్ విషయానికొస్తే, అది డాక్టర్ రాయాల్సిన మందు, సప్లిమెంటు కాదు. ఎఫ్‌డీఏ ప్రకటనలో కీళ్ల ప్రస్తావనే లేదు. ఎక్కువ మోతాదు ఫోలిక్ యాసిడ్‌తో (మాత్రల్లో వాడే ఫోలేట్ రూపం) ఒక పాత ప్రమాదం కూడా ఉంది: బీ12 లోపం వల్ల వచ్చే రక్తహీనతను అది కప్పేస్తుంది, లోపల నరాల నష్టం మాత్రం సాగిపోతుంది.

చేప నూనె, పసుపు, మెగ్నీషియం

చేప నూనె రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో, రోజుకు 3 గ్రాముల చుట్టుపక్కల ఒమేగా-3 మోతాదులో, నొప్పిని కొంత తగ్గిస్తుంది. అది వాపు జబ్బు. వదులుతనానికి అదే ఫలితం ఆశించడానికి ఆధారం లేదు. పసుపులోని కర్‌క్యుమిన్ మోకాలి అరుగుదలలో చిన్న ట్రయల్స్‌లో కొంత మేలు చూపింది. కానీ శరీరం ఎక్కువగా పీల్చుకునేలా మిరియాల సారంతో కలిపిన క్యాప్సూల్స్‌తో కాలేయం దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయి. మెగ్నీషియం ఎక్కువైతే విరేచనాలు. పేగుల ఇబ్బందులు ముందే ఎక్కువగా ఉండే ఆటిజంలో ఇది చిన్న విషయమేమీ కాదు. కీళ్ల నొప్పికి అమ్మే ఎస్ఏఎమ్ఈ అనే సప్లిమెంటు సెరటోనిన్ అనే మెదడు రసాయనం మీద పనిచేస్తుంది. ఆందోళనకు, అదే రసాయనం మీద పనిచేసే సెర్‌ట్రలిన్ లాంటి మాత్రలు వాడేవాళ్లు దాన్ని కలిపితే ప్రమాదం. గ్లూకోసమైన్, రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్ మందు ప్రభావాన్ని పెంచగలదు.

నాలుగు సీసాలను కలిపి చదివితే

ఏ సీసాకు ఆ సీసా చూస్తే మోతాదు సురక్షితంగానే కనిపిస్తుంది. లెక్క కలిపినప్పుడే తేడా తెలుస్తుంది.

ఐదేళ్ల పాపకు రోజూ మల్టీవిటమిన్ గమ్మీ (విటమిన్ డి 800 ఐయూ), ఎముకలకని కాల్షియం చప్పరింపు మాత్ర (800), విడిగా చుక్కల మందు (1,000), కాడ్ లివర్ ఆయిల్ (400) ఇస్తున్నారనుకుందాం. మొత్తం 3,000 ఐయూ. అమెరికా ప్రమాణాల్లో ఆ వయసుకు రోజువారీ అవసరం 600, గరిష్ఠ పరిమితి సరిగ్గా 3,000. రెండేళ్ల తమ్ముడికీ అవే ఇస్తే అతని పరిమితి 2,500 దాటిపోయింది. కాడ్ లివర్ ఆయిల్‌లో విటమిన్ ఏ కూడా ఉంటుంది. అది దీర్ఘకాలం ఎక్కువైతే వచ్చే లక్షణాల్లో ఒకటి ఎముకల నొప్పి. దేనికోసం మొదలుపెట్టామో అదే.

విటమిన్ బీ6 ఇంకా విచిత్రం. ఆటిజంతో దీని అనుబంధం పాతది. మెగ్నీషియంతో కలిపి భారీ మోతాదులో ఇవ్వాలన్న వాదన 1960ల నుంచి ఉంది, అందుకే ఇప్పటికీ చాలా మిశ్రమాల్లో కనిపిస్తుంది. పెద్ద వయసు వ్యక్తి ఒకరు బీ-కాంప్లెక్స్ (50 మిల్లీగ్రాములు), మెగ్నీషియం-బీ6 మాత్ర (10), మల్టీవిటమిన్ (2) వాడుతున్నారనుకుందాం. మొత్తం 62. అమెరికా పరిమితి 100 కాబట్టి అక్కడ ఇది లోపలే ఉంది. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2023లో పెట్టిన పరిమితి 12, కాబట్టి అక్కడ ఇది ఐదు రెట్లు ఎక్కువ. ఒకే మనిషి, అవే మాత్రలు. పరిమితి ఎందుకు తగ్గించారంటే, బీ6 నెలల తరబడి ఎక్కువైతే స్పర్శను మోసే నరాలు దెబ్బతింటాయి. తిమ్మిర్లు, నడకలో తడబాటు, కాలు ఎక్కడుందో తెలియకపోవడం మొదలవుతాయి. ప్రొప్రియోసెప్షన్ ముందే బలహీనంగా ఉన్న మనిషిలో ఈ కొత్త తడబాటును పాతదే అనుకుని, ఇంకో సీసా కొనే అవకాశం చాలా ఉంది.

లేబుల్ ఎంత నమ్మాలన్నది మరో ప్రశ్న. అమెరికాలో 1994 చట్టం ప్రకారం సప్లిమెంట్లు మార్కెట్లోకి రావడానికి ముందస్తు ఆమోదం అక్కర్లేదు. యూఎస్‌పీ, ఎన్ఎస్ఎఫ్ లాంటి స్వతంత్ర పరీక్షా సంస్థల ముద్రలు లేబుల్‌పై రాసినది లోపల ఉందని, కలుషితాలు లేవని చెబుతాయి. అది నొప్పి తగ్గిస్తుందని చెప్పవు.

"మాకు పనిచేసింది" అన్నవాళ్ల మాట

సప్లిమెంట్లు వాడి మేలు పొందామని చెప్పేవాళ్లను అమాయకులని తీసిపారేయడం సరికాదు. ఎన్నో ఏళ్లు "నీకేం లేదు, టెన్షన్ అంతే" అనిపించుకున్నవాళ్లు వీరిలో ఎక్కువ. డాక్టర్ పట్టించుకోని చోట సీసా కనీసం చేతికి అందింది. పైగా వాళ్లలో కొందరికి పరీక్షల్లో బయటపడని లోపం నిజంగానే ఉండి ఉండొచ్చు. అప్పుడు మేలు కూడా నిజమే.

ఇటువైపు డాక్టర్ల అభ్యంతరమూ బలమైనదే. గెయిట్ ట్రయల్‌లో ఏ మందూ లేని మాత్రతో 60 శాతం మందికి ఉపశమనం కలిగింది. నొప్పి ఎక్కువైన వారంలోనే కొత్త మాత్ర మొదలుపెడతాం, నొప్పి ఎలాగూ పెరిగి తగ్గేదే, తగ్గినప్పుడు పేరు మాత్రకు వస్తుంది. మాట్లాడని పిల్లల విషయంలో ఫలితాన్ని చెప్పేది మందు తీసుకున్నవాళ్లు కాదు, ఆశతో చూస్తున్న అమ్మానాన్నలు. అందుకే అనుభవమున్న వైద్యులు "తగ్గిందా?" అని అడగరు. ముందే రాసిపెట్టుకున్న ఒకట్రెండు పనులను, ఉదాహరణకు మెట్లెక్కడం, అరపేజీ రాయడం, రాత్రి లేవడం, కొన్ని వారాల తర్వాత పోల్చి చూస్తారు. ఒకేసారి మూడు సీసాలు మొదలుపెడితే ఈ పోలిక కుదరదు.

వదులైన కీళ్ల విషయంలో డాక్టర్లు ముందు పెట్టేది కండరాల బలం. డెన్మార్క్‌లో హైపర్‌మొబైల్ భుజాలున్న 100 మందిపై చేసిన ట్రయల్‌లో 16 వారాల పాటు భారీ బరువులతో చేసిన వ్యాయామం తేలికపాటి వ్యాయామం కంటే మెరుగైన ఫలితమిచ్చింది. అయితే హోరెత్తే సంగీతం, మెరిసే లైట్లు, తెలియని మనిషి వచ్చి చెయ్యి పట్టుకుని సరిచేయడం భరించలేని వ్యక్తికి జిమ్ చూపించి "ఇదే మందు" అంటే, మాత్ర సులువుగా కనిపించడంలో వింతేముంది? థెరపిస్టు ఇంట్లోనే, చూపించి, తాకకుండా నేర్పితే అదే వ్యాయామం కొందరికి సాధ్యమవుతుంది.

రుచి మారితే

లోపం తేలి, ఇవ్వాల్సిందేనని నిర్ణయమయ్యాక ఒక చివరి అడ్డంకి మిగులుతుంది. పెద్ద మాత్ర మింగలేరు, గమ్మీ జిగురు నచ్చదు, కంపెనీ డబ్బా రంగు మార్చినా వద్దంటారు. అప్పుడు ఇంట్లోవాళ్లకు తట్టేది పొడిని బిడ్డ ఇష్టంగా తినేదాంట్లో తెలియకుండా కలపడం. చాలామంది పిల్లలు రుచిలో ఆ కాస్త తేడానూ పసిగడతారు. పసిగడితే పోయేది ఆ పూట భోజనం ఒక్కటే కాదు. తినే నాలుగు పదార్థాల్లో ఒకటి శాశ్వతంగా జాబితా నుంచి పోవచ్చు, దాంతో అందే పోషకాలు ఇంకా తగ్గుతాయి. ఆటిజం పిల్లలతో పనిచేసే పోషకాహార నిపుణులు అందుకే సప్లిమెంటును ఇష్టమైన తిండికి దూరంగా, వేరే గ్లాసులోనో చెంచాలోనో, బిడ్డకు చెప్పే, ఒక్క చుక్కతో మొదలుపెట్టిస్తారు.